విప్లవం తర్వాతి లెక్క: అరబ్ స్త్రీలు, చట్టసభలు



మల్లు స్వరాజ్యం గారి స్మృతిలో మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు అరబ్ దేశాల స్త్రీల గురించి మాట్లాడతానన్నాను. ఈ సభకూ ఆ దేశాలకూ ఏమిటి సంబంధం అని మీకు అనిపించవచ్చు. తెలంగాణ సాయుధ పోరాటంలో రాజక్క పేరుతో దళంలో తిరిగిన స్వరాజ్యం గారి తల మీద నిజాం సర్కారు పదివేల రూపాయల వెల కట్టింది. ఆ పోరాట విరమణ 1951లో జరిగింది. ఆవిడ తుంగతుర్తి నుంచి శాసనసభకు ఎన్నికయింది 1978లో. మధ్యలో 27 ఏళ్లు గడిచాయి. స్త్రీశక్తి సంఘటన అనే స్త్రీవాద బృందం వాళ్లు ఆ పోరాటంలోని స్త్రీలను వెతికి పట్టుకుని, వాళ్లతో మాట్లాడి ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకం తెచ్చినప్పుడు, పోరాటం ముగిశాక తమను ఎవరూ పట్టించుకోలేదన్న బాధ అందులో చాలామంది నోట వినిపించింది. తుపాకీ పట్టినప్పుడు అవసరమైన మనిషి, అధికారం పంచుకునేటప్పుడు ఎందుకు గుర్తుకు రాదు? ఈ ప్రశ్నకు గడిచిన పదిహేనేళ్లలో అరబ్ దేశాలు ఇచ్చినన్ని జవాబులు మరెక్కడా దొరకవు. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. విప్లవంలో ఎంతమంది స్త్రీలు వీధిలోకి వచ్చారన్న దాన్నిబట్టి వాళ్లకు అధికారంలో వాటా రాదు. ఆ వాటా తేలేది జనం ఇళ్లకు మళ్లిన తర్వాత, తొలి నెలల్లో, ఏదో ఒక గదిలో రాసే ఎన్నికల చట్టంలో. ఆ గదిలో స్త్రీలు ఉన్నారా? రాసిన చట్టాన్ని రేపు ఎవరైనా చెరిపేయబోతే అడ్డుపడగల సంఘాలు, సంస్థలు బయట మిగిలి ఉన్నాయా? ఈ రెండు ప్రశ్నలు పట్టుకుని వెళ్తే చాలా విషయాలు విడివడతాయి.

పాత బాకీ

ఇది 2011లో పుట్టిన సమస్య కాదు. 1919 మార్చిలో బ్రిటిష్ వాళ్లకు వ్యతిరేకంగా ఈజిప్టు లేచినప్పుడు కైరో వీధుల్లో స్త్రీలు ఊరేగింపు తీశారు. హుదా షారావీ ఆ ఊరేగింపుల్లో ముందు నిలిచింది. నాలుగేళ్లకు, 1923లో, రాజ్యాంగం వచ్చింది. ఓటు పురుషులకే అన్నారు. అదే ఏడు హుదా ఈజిప్షియన్ ఫెమినిస్ట్ యూనియన్ స్థాపించింది. 1924లో పార్లమెంటు తొలిసారి కొలువుదీరిన రోజున స్త్రీలు దాని ముందు నిరసన తెలిపారు.

ఆ తర్వాతి తరంలో దోరియా షఫీక్. 1951 ఫిబ్రవరిలో ఆమె దాదాపు 1,500 మంది స్త్రీలను వెంటబెట్టుకుని పార్లమెంటు భవనంలోకి చొచ్చుకుపోయింది. 1952లో సైనికాధికారుల విప్లవం వచ్చింది. కొత్త రాజ్యాంగం రాయడానికి వేసిన సంఘంలో ఒక్క స్త్రీ కూడా లేదని 1954లో ఆమె నిరాహార దీక్షకు కూర్చుంది. 1956లో ఓటు వచ్చింది, కానీ మెలికతో వచ్చింది. ఓటర్ల జాబితాలో పేరు నమోదు పురుషులకు తప్పనిసరి. స్త్రీలైతే తమంతట తాము వెళ్లి అడిగితేనే నమోదు. మరుసటి ఏడు రావియా అతియా ఎన్నికై అరబ్ ప్రపంచంలోనే తొలి పార్లమెంటు సభ్యురాళ్లలో ఒకరయింది. అదే 1957లో, అధ్యక్షుడు నాసర్ నియంతృత్వాన్ని బాహాటంగా విమర్శించినందుకు దోరియా షఫీక్‌ను గృహనిర్బంధంలో పెట్టారు. ఒకే ఏడాదిలో ఒక స్త్రీ సభలోకి వెళ్లింది, ఆ సభ తలుపు తట్టిన స్త్రీ నాలుగు గోడల మధ్యకు చేరింది. పాలకులకు సభ్యురాళ్లతో ఇబ్బంది లేదు. స్వతంత్రంగా నోరు విప్పే సంఘాలతోనే ఇబ్బంది. ఈ తేడాను గుర్తుంచుకోండి, మళ్లీ అవసరపడుతుంది.

అల్జీరియాది ఇంకా చేదు అనుభవం. ఫ్రెంచి పాలనపై 1954 నుంచి 1962 వరకు సాగిన యుద్ధంలో జమీలా బూహీరెద్, జొహ్రా ద్రీఫ్ లాంటి యువతులు ప్రాణాలకు తెగించారు. జమీలాకు 1957లో మరణశిక్ష పడింది. ప్రపంచమంతా గొంతెత్తడంతో శిక్ష అమలు కాలేదు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సభలో స్త్రీలు పట్టుమని పదిమంది. ఆ తర్వాత స్త్రీల చేతులు కట్టేసే కుటుంబ చట్టం తేబోతున్నారని తెలిసి, 1981లో ఆ పాత యోధురాళ్లే మళ్లీ అల్జియర్స్ వీధుల్లోకి రావలసివచ్చింది. అప్పటికి ఆగింది. 1984లో మాత్రం చట్టం వచ్చింది. పెళ్లికి సంరక్షకుడి అనుమతి, భర్తకు విధేయత, బహుభార్యత్వం అన్నీ అందులో ఉన్నాయి. స్వాతంత్ర్యం తెచ్చిన పార్టీయే ఆ చట్టాన్నీ తెచ్చింది.

జాబితాలో ఎన్నో పేరు?

ఇక 2011కు వద్దాం. జనవరి 14న ట్యునీషియా అధ్యక్షుడు బెన్ అలీ విమానమెక్కి పారిపోయాడు. ఫిబ్రవరి 11న ఈజిప్టులో ముబారక్ దిగిపోయాడు. రెండు చోట్లా స్త్రీలు చౌరస్తాల్లో ఉన్నారు. తహ్రీర్ చౌరస్తాకు రమ్మని పిలుస్తూ అస్మా మహఫూజ్ అనే యువతి పెట్టిన వీడియో ఈజిప్టు అంతా తిరిగింది. ట్యునీషియాలో లీనా బెన్ మెన్నీ తన బ్లాగులో పోలీసు కాల్పుల్లో చనిపోయినవాళ్ల ఫోటోలు లోకానికి చూపించింది. ఇంతవరకు రెండు దేశాలదీ ఒకటే కథ. ఆ తర్వాత దారులు చీలాయి.

ఈజిప్టులో రాజ్యాంగ సవరణలు రాయడానికి సైనిక మండలి ఒక సంఘం వేసింది. అందులో స్త్రీ లేదు. ముబారక్ చివరి ఎన్నికల్లో స్త్రీలకు కేటాయించిన 64 ప్రత్యేక స్థానాలు పాత పాలన అవశేషమంటూ రద్దయ్యాయి. వాటి బదులు ప్రతి పార్టీ జాబితాలోనూ కనీసం ఒక స్త్రీ పేరుండాలన్నారు. ఎన్నో పేరుగా అన్నది చెప్పలేదు. పార్టీకి వచ్చిన సీట్లు నిండేది జాబితా పైనుంచి వరసగా. పార్టీలు ఆ ఒక్క పేరునూ అడుగున చేర్చి చేతులు దులుపుకున్నాయి. ఛాందస ఇస్లామిక్ వర్గమైన సలఫీల నూర్ పార్టీ తన పోస్టర్లలో పురుష అభ్యర్థులందరి ఫోటోలూ వేసి, స్త్రీ ఫోటో ఉండవలసిన చోట ఒక పువ్వు బొమ్మ వేసింది. కొత్త సభలో స్త్రీలు సుమారు 2 శాతం.

ట్యునీషియాలో విప్లవ లక్ష్యాల సాధన కోసం ఒక ఉన్నత మండలి ఏర్పడింది. న్యాయశాస్త్ర పండితుడు యాద్ బెన్ అషూర్ దానికి అధ్యక్షుడు. ట్యునీషియా ప్రజాస్వామిక స్త్రీల సంఘం వంటి సంస్థల వాళ్లు అందులో సభ్యులుగా ఉన్నారు. 1989 నుంచి బెన్ అలీ పోలీసుల నిఘా కింద పడుతూ లేస్తూ నడిచిన సంఘం అది. 2011 మే నెలలో వచ్చిన ఎన్నికల శాసనంలో ఒక నిబంధన పెట్టించగలిగారు: ప్రతి జాబితాలోనూ స్త్రీ, పురుషుల పేర్లు ఒకటి విడిచి ఒకటి రావాలి. పాటించని జాబితాను తిరస్కరిస్తారు.

అయినా అక్టోబరులో జరిగిన రాజ్యాంగ సభ ఎన్నికల్లో 217 మందిలో గెలిచిన స్త్రీలు 49 మందే. సగం పేర్లు స్త్రీలవైనప్పుడు సగం సీట్లు ఎందుకు రాలేదు? కాగితం మీద వేసి చూద్దాం. ఒక నియోజకవర్గంలో ఎనిమిది సీట్లనుకోండి. పెద్ద పార్టీకి మూడు, మిగిలిన ఐదూ ఐదు చిన్న పార్టీలకు తలా ఒకటి. అన్ని జాబితాల్లోనూ మొదటి పేరు మగవాడిదే. పెద్ద పార్టీ మూడు సీట్లలో రెండోది స్త్రీకి వస్తుంది. చిన్న పార్టీల్లో మొదటి పేరు దగ్గరే సీటు అయిపోతుంది. ఎనిమిదిలో స్త్రీ ఒక్కతే. ఆ ఎన్నికల్లో స్త్రీ పేరుతో మొదలైన జాబితాలు కేవలం 7 శాతం.

లిబియాలో మరుసటి ఏడు జరిగింది చూస్తే ఇక సందేహం మిగలదు. 2012 జులై 7న 200 సీట్లకు ఎన్నిక. 80 సీట్లు పార్టీ జాబితాలకు, 120 సీట్లు వ్యక్తిగత అభ్యర్థులకు. జాబితాల్లో పేర్లు ఒకటి విడిచి ఒకటి రావడమే కాక, జాబితా మొదటి పేరు కూడా స్త్రీకి, పురుషుడికి మారుతూ రావాలన్నారు. 33 మంది స్త్రీలు గెలిచారు. అందులో 32 మంది జాబితాల నుంచి వచ్చినవాళ్లు. వ్యక్తిగత స్థానాల్లో గెలిచింది ఒక్కతే. అదే దేశం, అదే రోజు, అవే మతవిశ్వాసాలున్న అవే ఓటర్లు. అరబ్ సమాజం స్త్రీని అంగీకరించదని తేలిగ్గా అనేసేవాళ్లు ఈ 32కూ 1కీ మధ్య తేడాను ఏ సంస్కృతితో వివరిస్తారు?

లోపలికి వెళ్లింది ఎవరు?

ఒకటి విడిచి ఒకటి అన్న నిబంధన కోసం ఎక్కువగా పోరాడింది లౌకికవాద స్త్రీవాదులు. దానివల్ల ఎక్కువగా గెలిచింది ఇస్లామిక్ పార్టీ ఎన్నహ్దా స్త్రీలు. చాలా నియోజకవర్గాల్లో ఒకటికి మించి సీట్లు గెలిచింది ఆ పార్టీయే మరి. రాజ్యాంగ సభ ఉపాధ్యక్షురాలిగా సభను నడిపిన మెహ్రెజియా లాబిదీ కూడా ఎన్నహ్దా సభ్యురాలే. తలకు హిజాబు కట్టిన ఆ స్త్రీలను పార్టీ చేతి బొమ్మలని ఎత్తిపొడిచినవాళ్లు తక్కువేమీ కాదు. నిజానికి వాళ్లలో కొందరు బెన్ అలీ జైళ్లను చూసినవాళ్లు, కొందరు జైల్లో ఉన్న భర్తల బదులు ఏళ్లతరబడి కుటుంబాలను ఈడ్చినవాళ్లు.

2012 ఆగస్టులో పరీక్ష వచ్చింది. హక్కుల ఉపసంఘం తయారుచేసిన 28వ అధికరణం ముసాయిదాలో, కుటుంబంలో స్త్రీ పురుషుడికి పూరకం అనే అర్థం వచ్చే వాక్యం ఉంది. సమానురాలు అనలేదు. ఆ ఉపసంఘానికి అధ్యక్షురాలు ఎన్నహ్దా సభ్యురాలే. ఆగస్టు 13న వేలాదిమంది స్త్రీలు ట్యునిస్ వీధుల్లోకి వచ్చారు. 1956లో అదే తేదీన వచ్చిన కుటుంబ చట్టం బహుభార్యత్వాన్ని నిషేధించింది కాబట్టి ఆ రోజు అక్కడ స్త్రీల జాతీయ దినం. ముసాయిదా వాక్యం వెనక్కి పోయింది. 2014 జనవరిలో ఆమోదం పొందిన రాజ్యాంగంలో 46వ అధికరణం ఎన్నికైన మండళ్లలో స్త్రీ పురుషులకు సరిసమాన ప్రాతినిధ్యం కోసం కృషి చేయడం రాజ్యం బాధ్యత అంది. సభలో ఉన్న స్త్రీలందరూ ఒకే మాట మీద లేరు. ఉండాలని కోరుకోవడం కూడా అన్యాయమే. పురుష సభ్యులందరూ ఒకే మాట మీద ఉండాలని ఎవరం అడగం కదా. లోపల కొందరు, బయట సంఘాలు, రెండూ కలిస్తేనే ఆ అధికరణం పుట్టింది.

దాని ఫలితాలు కూడా వచ్చాయి. 2014 పార్లమెంటుకు 68 మంది స్త్రీలు ఎన్నికయ్యారు. 2017లో స్త్రీలపై హింసను అరికట్టే సమగ్ర చట్టం వచ్చింది. అత్యాచారం చేసినవాడు బాలికను పెళ్లాడి శిక్ష తప్పించుకునే పాత వెసులుబాటు దాంతో పోయింది. 2018 మే స్థానిక ఎన్నికలకు జాబితాల మొదటి పేర్లలోనూ సగం స్త్రీలవే ఉండాలని చట్టం బిగించడంతో కౌన్సిలర్లలో 47 శాతం స్త్రీలు వచ్చారు. రాజధాని ట్యునిస్‌కు సుఆద్ అబ్దుర్రహీం మేయరయింది. ఆమె నిలబడింది ఎన్నహ్దా తరఫున. రంజాన్ 27వ రాత్రి మసీదులో జరిగే వేడుకకు స్త్రీ మేయరు ఎలా వెళ్తుందని అడ్డుచెప్పినవాడు లౌకికవాద పార్టీ నాయకుడు! ఎవరు ముందుకు తోస్తారో, ఎవరు అడ్డుపడతారో పార్టీ రంగు చూసి చెప్పలేం.

ఇచ్చిన చేయే తీసుకుంటే

2021 జులై 25న ట్యునీషియా అధ్యక్షుడు కైస్ సయీద్ పార్లమెంటును స్తంభింపజేశాడు. సెప్టెంబరు 29న భూగర్భశాస్త్ర ఆచార్యురాలు నజ్లా బూదెన్‌ను ప్రధానిగా ప్రకటించాడు. అరబ్ ప్రపంచంలో తొలి మహిళా ప్రధాని అని ప్రపంచ పత్రికలన్నీ పతాక శీర్షికలు పెట్టాయి. అంతకు వారం రోజుల ముందే వచ్చిన అధ్యక్ష శాసనం ప్రకారం ప్రధాని జవాబుదారీ అధ్యక్షుడికి మాత్రమే. 2023 ఆగస్టులో ఆమెను తొలగించారు.

మధ్యలో జరిగింది అంతకన్నా ముఖ్యం. 2022 సెప్టెంబరులో అధ్యక్షుడు ఒక్క శాసనంతో ఎన్నికల పద్ధతి మార్చేశాడు. జాబితాలు పోయాయి. ఒక నియోజకవర్గానికి ఒకే సభ్యుడు. దానితోపాటే స్త్రీ, పురుషుల పేర్లు ఒకటి విడిచి ఒకటి రావాలన్న నిబంధనా పోయింది. అభ్యర్థిత్వానికి 400 మంది ఓటర్ల సంతకాలు కావాలి, అందులో సగం స్త్రీలవై ఉండాలన్నారు. అంటే అభ్యర్థికి మద్దతు పలికే సంతకాల్లో సమానత్వం మిగిలింది, అభ్యర్థుల్లో పోయింది. ప్రచారానికి ప్రభుత్వమిచ్చే డబ్బు ఆగిపోయింది. సొంత డబ్బూ, తెగ పెద్దల వంటి స్థానిక బలగమూ ఉన్నవాళ్లకే పోటీ మిగిలింది. డిసెంబరులో జరిగిన తొలి విడత పోలింగులో ఓటు వేసినవాళ్లు 11 శాతం దాటీ దాటలేదు. భర్తీ అయిన 154 సీట్లలో స్త్రీలు 25 మంది. 2023 మార్చిలో స్థానిక మండళ్లనూ రద్దు చేశారు. ఊరి స్థాయిలో బడ్జెట్ చదవడం, అధికారిని నిలదీయడం నేర్చుకుంటున్న వేలాదిమంది స్త్రీలకు ఆ బడి మూతపడింది.

1956 కుటుంబ చట్టం తమ తొలి అధ్యక్షుడు బుర్గీబా ఇచ్చిన కానుక అని ట్యునీషియాలో దశాబ్దాలు చెప్పుకున్నారు. కానుకగా వచ్చిన హక్కుకు రెండు చిక్కులు. ఇచ్చినవాడు పోతే, వాడి మీది కోపం హక్కు మీదికి మళ్లుతుంది. ముబారక్ పడిపోయాక స్త్రీలకు విడాకుల హక్కునిచ్చిన 2000 సంవత్సరపు చట్టాన్ని ఆయన భార్య పేరుతో ‘సుజాన్ చట్టం’ అని ఈసడించారు. ఇక ఇచ్చినవాడే ఉంటే, తీసుకోవడమూ వాడి చేతిలో పనే.

కాబట్టి అంకెలను కూడా జాగ్రత్తగా చదవాలి. 2020 ఎన్నికల తర్వాత ఈజిప్టు సభలో స్త్రీలు నాలుగోవంతు దాటారు. 2011 నాటి 2 శాతంతో పోలిస్తే పెద్ద గెలుపులాగే కనిపిస్తుంది. ఆ సభ ప్రభుత్వాన్ని నిలదీసిన సందర్భం మాత్రం వెతుక్కోవలసిందే. 2014 రాజ్యాంగం స్థానిక మండళ్లలో స్త్రీలకు నాలుగోవంతు అంది. 2011లో రద్దయిన ఆ మండళ్లకు రాజ్యాంగం వచ్చిన పదేళ్లకు కూడా ఎన్నికలు జరపలేదు. అల్జీరియాది ఇందుకు తిరగేసిన కథ. 2012లో కోటా పెట్టగానే 462 మంది సభలో 146 మంది స్త్రీలు వచ్చారు. 2019లో స్త్రీలు, పురుషులు కలిసి శుక్రవారం శుక్రవారం ఊరేగింపులు తీసి ఇరవై ఏళ్లుగా పాలిస్తున్న నాయకుణ్ణి దించారు. ఆ తర్వాత వచ్చిన కొత్త ఎన్నికల చట్టం జాబితాలో ఎవరికి ఓటన్నది ఓటరుకే వదిలేసింది. అభ్యర్థుల్లో సగం స్త్రీలుండాలన్నా, 2021లో గెలిచినవాళ్లు 8 శాతం దగ్గరే ఆగిపోయారు. ప్రజా ఉద్యమం గెలిచాక స్త్రీల వాటా తగ్గడం ఇక్కడ కళ్లెదుటే జరిగింది.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు

చట్టం ఒక్కటే చాలదనడానికి లిబియా సాక్ష్యం. సల్వా బుగైగిస్ బెన్‌గాజీలో న్యాయవాది. 2011 ఫిబ్రవరిలో ఆ ఊరి న్యాయస్థానం ముందు జరిగిన తొలి నిరసనల్లో నిలబడింది. 2014 జూన్ 25న పార్లమెంటు ఎన్నికలు. ఊళ్లో సాయుధ ముఠాలు తిరుగుతున్నా వెళ్లి ఓటు వేసింది. ఓటు వేస్తున్న ఫోటో ఫేస్‌బుక్‌లో పెట్టి, మీరూ రండని జనాన్ని పిలిచింది. ఆ సాయంత్రం ఇంట్లోకి చొరబడి ఆమెను చంపారు. ఆ ఎన్నికలో గెలిచిన సిహాం సెర్గివా, 2019 జులైలో సైనికాధిపతి హఫ్తర్ యుద్ధాన్ని విమర్శించింది. సాయుధులు ఆమెను ఇంటినుంచి ఎత్తుకుపోయారు. తిరిగి రాలేదు.

ఈజిప్టులో 2011 మార్చి 9న తహ్రీర్‌లో అరెస్టు చేసిన యువతులకు సైన్యం ‘కన్యత్వ పరీక్షలు’ చేసింది. రాజకీయాల్లోకి వచ్చిన స్త్రీని ఇంటికి పంపడానికి పరువును ఆయుధం చేయడమది. సమీరా ఇబ్రహీం అనే ఎగువ ఈజిప్టు యువతి నోరు మూసుకోకుండా కోర్టుకెక్కింది. ఆ డిసెంబరులో పాలనా న్యాయస్థానం ఆ పరీక్షలను నిషేధించింది. పరీక్ష చేసిన వైద్యుణ్ణి మాత్రం సైనిక న్యాయస్థానం నిర్దోషిగా వదిలేసింది.

సూడాన్‌లో 2019 ఏప్రిల్‌లో తెల్లటి తోబు వస్త్రం చుట్టుకుని కారు పైకెక్కి నినాదాలిచ్చిన ఆలా సలాహ్ ఫోటో మీలో చాలామంది చూసే ఉంటారు. అధికార బదిలీ చర్చల బల్ల దగ్గర స్త్రీలకు చోటు దాదాపు లేకుండా పోయిందని అదే ఏడు అక్టోబరులో ఆమె ఐక్యరాజ్య సమితి భద్రతా మండలిలో చెప్పింది. మధ్యంతర శాసనసభలో 40 శాతం స్త్రీలని రాజ్యాంగ పత్రంలో రాసుకున్నారు. స్త్రీల బట్టల మీద, నడక మీద కొరడా ఎత్తిన చట్టం రద్దయింది. కానీ ఆ శాసనసభ కొలువుదీరనే లేదు. 2021లో సైనిక కుట్ర, 2023 ఏప్రిల్ నుంచి యుద్ధం.

మనం అడగవలసింది

2024 డిసెంబరులో సిరియాలో అసద్ పాలన కూలింది. మరుసటి మార్చిలో ఏర్పడిన మంత్రివర్గంలో ఉన్న స్త్రీ ఒక్క హింద్ కబావత్. ఆ దేశపు వార్తలు చదివేటప్పుడు వీధిలో ఎంతమంది స్త్రీలు కనిపిస్తున్నారన్న దాని కన్నా, ఎన్నికల నిబంధనలు రాసేదెవరు, సంఘాలు పెట్టుకునే స్వేచ్ఛ ఉందా అన్నవి చూడండి.

ట్యునీషియాలో అంతా పోయిందని నేను అనను. 2023, 2024ల్లో అక్కడ అరెస్టయిన రాజకీయ ప్రత్యర్థుల్లో ప్రతిపక్ష నాయకురాలు అబీర్ మూసీ, న్యాయవాది సోనియా దహ్మానీ, పాత పాలన అకృత్యాలను విచారించిన సత్యం-గౌరవం కమిషన్‌కు నాయకత్వం వహించిన సిహెం బెన్‌సెద్రీన్ ఉన్నారు. అబీర్ మూసీ పాత పాలనను వెనకేసుకొచ్చిన మనిషి, బెన్‌సెద్రీన్ అదే పాలన చేతిలో దెబ్బలు తిన్న మనిషి. ఒకరి రాజకీయం ఒకరికి పడదు. పడకపోవడమే మంచి గుర్తు. స్త్రీలంటే పాలకుడు చూపించుకునే ఒకే రకం బొమ్మలన్న రోజు అక్కడ పోయింది. పాలకుడికి భయం పుట్టించే రకరకాల రాజకీయ నాయకురాళ్లు తయారయ్యారు. ఆ పదేళ్ల ప్రయోగం మిగిల్చిన ఆస్తి అది.

మన పంచాయతీల్లో సగం సీట్లు స్త్రీలవి. భర్త కుర్చీలో కూర్చుంటే భార్య సంతకం పెట్టే సర్పంచులను మనం చూశాం, ఆ భర్తను కుర్చీలోంచి లేపిన సర్పంచులనూ చూశాం. 2023 సెప్టెంబరులో లోక్‌సభ, శాసనసభల్లో మూడోవంతు సీట్లకు రాజ్యాంగ సవరణ ఆమోదించుకున్నాం. అమలును మాత్రం జనగణనకూ, నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపెట్టాం. సూడాన్ కాగితం మీద రాసుకున్న 40 శాతం గతి మన మూడోవంతుకు పట్టకూడదంటే, వాటా ఎంతో తెలుసుకుని చప్పట్లు కొట్టి ఊరుకోకూడదు. ఏ ఎన్నిక నుంచి అమలు? ఏ సీట్లు, ఎవరు తేలుస్తారు? రేపు దీన్ని రద్దు చేయాలంటే ఎంతమంది చేతులు లేవాలి? ఒక్క చేయి చాలు అనే ఏర్పాటు ఏ దేశంలోదైనా స్త్రీలు దాన్ని హక్కుగా లెక్కవేసుకోవద్దని గత పదిహేనేళ్ల అరబ్ అనుభవం చెబుతోంది.